చెయ్యెత్తిన ఐదుగురు

ఫిబ్రవరి 1, ఆదివారం

ఆరాధన అయ్యాక కమిటీ మూడు గంటలు కూర్చుంది. అంతసేపు కూర్చుని చేసింది ఒక్క తీర్మానం. సండే స్కూల్ టీచర్‌గా స్నేహలతను తీసేశాం. ఐదుగురు తీసేయాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. సెక్రటరీ అనుమతి లేకుండా పిల్లల్ని దోనె ఎక్కించి కొల్లేట్లోకి తీసుకెళ్లిందనీ, ఆమె నిర్లక్ష్యం వల్ల బ్లెస్సీ నీళ్లలో పడి రెండు రోజులు ఏలూరు ఆసుపత్రిలో ఉందనీ కారణం రాశాం. పిల్ల ఇప్పుడు బాగానే ఉంది, దేవునికి స్తోత్రం. సెక్రటరీని నేనే కాబట్టి మినిట్స్ నేనే రాశాను. అక్షరాలు చక్కగా కుదిరాయి.

బ్లెస్సీ తాతయ్య విజయ్ కుమార్ గారు కమిటీలో మెంబరు. "నీళ్లలోంచి తీసేసరికి పెదాలు నల్లబడిపోయాయంటండీ" అన్నారు. ఆ మాట విన్నాక ఎవరికైనా చెయ్యి లేస్తుంది.

మా ఓటు పద్ధతి దొరల కాలంనాటిది. అందరూ ప్రార్థనలో తల వంచి, కళ్లు మూసుకుని చెయ్యెత్తాలి. పాస్టరు అయ్యగారు కూడా మూసుకుంటారు. ఒకరి మీద ఒకరు కోపాలు పెట్టుకోకూడదని అలా పెట్టారట. సెక్రటరీ ఒక్కరే కళ్లు తెరిచి లెక్కపెట్టాలి. పదకొండేళ్లుగా లెక్కపెడుతున్నాను. ఎవరు ఎటు ఎత్తారో ఇంట్లో ఆయనకు కూడా ఏనాడూ చెప్పలేదు. ఈ రోజూ లెక్కపెట్టాను. నా చెయ్యితో కలిపి ఐదు.

ఫిబ్రవరి 2

పప్పు మాడింది. ఆయన ఏమీ అనకుండా తిన్నారు. అంటే బాగుండేది.

ఫిబ్రవరి 4, బుధవారం

పొద్దున్నే మణెమ్మగారు వచ్చింది. చేపల చెరువుల మీద పట్టుబడికి, అంటే చేపలు పట్టే కూలికి, వెళ్లే మనిషి. కమిటీలో ఆవిడ మాట్లాడేది తక్కువే కానీ, మాట్లాడితే మాత్రం అయ్యగారు కూడా కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. కాళ్లకి బురద ఉందని గుమ్మం బయటే నిలబడింది.

"టీచర్ గారూ, స్నేహలత సంగతి మళ్లీ కమిటీలో పెట్టమని అడగొచ్చాండీ?" అంది.

రూల్స్ పుస్తకం తీశాను. నాకు కంఠతా వచ్చు, అయినా తీశాను. పదిహేడో నియమం. ఒకసారి అయిపోయిన తీర్మానాన్ని మళ్లీ చర్చకు తేవచ్చు. అయితే దానికి అనుకూలంగా చెయ్యెత్తినవాళ్లలోనే ఒకరు లేచి అడగాలి. అదీ తర్వాతి సమావేశంలో మినిట్స్ మీద సంతకం పడేలోగా.

"మీరు ఎత్తలేదు కదా మణెమ్మగారూ. కాబట్టి మీరు అడగడానికి లేదు. లేకపోతే ఓడినవాళ్లు ప్రతి నెలా అదే మాట పట్టుకుని కూర్చుంటారని అలా పెట్టారు."

"ఆ ఐదుగుర్లో ఎవరో ఒకరు నిలబడి, నేనెత్తానండి, ఇప్పుడు మనసు మారిందండి అనాలన్నమాట."

"అంతే."

"ఎప్పటిదాకా ఉందండీ టైము?"

"మార్చి ఒకటి. ఆ రోజు అయ్యగారు మినిట్స్ మీద సంతకం పెట్టేస్తారు. ఆ తర్వాత ఏడాదిదాకా ఆ మాట ఎత్తకూడదు."

"ఎవరెత్తారో మీకొక్కరికే తెలుసు. చెప్పమని అడగనులెండి. మీరైతే ఎత్తుండరు. ఆ పిల్లకి అఆలు దిద్దించింది మీరే గదండీ" అంది.

కాఫీ తాగి వెళ్లమన్నాను. నీరసంగా ఉంది, తలనొప్పి.

ఫిబ్రవరి 6, శుక్రవారం

మా పాస్టరు వెస్లీ అయ్యగారు కబురంపితే ఆయన ఉండే పార్సనేజీకి వెళ్లాను. స్నేహలతకి తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో టీచర్ ఉద్యోగం వచ్చిందట. మా ఊరి చిన్న కాన్వెంటులో ఏడేళ్లుగా అరకొర జీతానికి చేస్తోంది పాపం. కొత్త స్కూలువాళ్లు సంఘం నుంచి ప్రవర్తన పత్రం తెమ్మన్నారు. మార్చి ఐదులోగా ఇవ్వాలి.

"మినిట్స్‌లో ఉన్నది దాచి నేను పత్రం ఇవ్వలేనండీ. పిల్లల విషయంలో నిర్లక్ష్యం అని మీరు రాసిన వాక్యమే నేనూ రాయాలి. అది చూస్తే వాళ్లు చేర్చుకోరు" అన్నారు అయ్యగారు.

ఆయన తప్పేమీ లేదు. నా తప్పు మాత్రం ఏముంది? కమిటీ చెప్పింది రాశాను. సెక్రటరీ అంటే కలం. కలానికి అభిప్రాయం ఉండదు.

ఫిబ్రవరి 7

పై వాక్యం మళ్లీ చదివాను. కలానికి చెయ్యి ఉండదు కూడా. నేను చెయ్యెత్తాను.

ఫిబ్రవరి 9, సోమవారం

అసలు విషయం రాస్తాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఆయన కళ్లజోడు పెట్టుకుని పేపరే పూర్తిగా చదవరు.

జనవరి 23న నేను ఏలూరులో ఉన్నాను. మా చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి చీరలు తీసుకుంటున్నాం. కొట్లో ఒకటే గోల. ఫోన్ మోగిందేమో. స్నేహలత చేసిందేమో. రోజుకి ఎన్ని ఫోన్లు వస్తాయి నాకు? అన్నీ గుర్తుంటాయా?

ఇప్పుడే ఫోన్ తీసి చూశాను. జనవరి 23, సాయంత్రం 4.12. స్నేహలత. ఒక నిమిషం నలభై ఎనిమిది సెకన్లు.

నిమిషం నలభై ఎనిమిది సెకన్లు ఎవరో ఒకరు మాట్లాడే ఉంటారు.

ఫిబ్రవరి 10

గుర్తుంది. మొదటి నుంచీ గుర్తుంది.

"టీచర్ గారూ, శిష్యులు వలలు వేసిన పాఠం చెబుతున్నానండి. పిల్లల్ని రేపు దోనె మీద కాస్త దూరం తిప్పి, వల ఎలా వేస్తారో, గూడబాతులు ఎలా దిగుతాయో చూపిస్తే బాగా గుర్తుంటుందండి. తీసుకెళ్లమంటారా?" అంది. ఆకుపచ్చ చీర మీద ఎర్రంచు బాగుందా, మెరూన్ అంచు బాగుందా అని మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుని లాగుతోంది. "సరేలేమ్మా, తీసుకెళ్లు, జాగ్రత్త" అని పెట్టేశాను. ఎంతమంది, దోనె ఎవరిది, పెద్దవాళ్లు ఎవరు వెళ్తున్నారు, ఒక్కటీ అడగలేదు. సెక్రటరీ అనుమతి అనే మాట రూల్స్ పుస్తకంలో ఉన్నది ఆ ప్రశ్నలు అడగడానికే. మా సంఘంలో ఏనాడూ ఎవరూ కాగితం మీద అనుమతి తీసుకోలేదు. నా నోటిమాటే కాగితం.

మెరూన్ అంచుదే తీసుకున్నాం.

ఫిబ్రవరి 12, గురువారం

ఆ రోజు కమిటీలో "ఎవరి పర్మిషన్‌తో తీసుకెళ్లావమ్మా?" అని విజయ్ కుమార్ గారు అడిగారు. "అడిగానండి" అంది స్నేహలత. అని నా వైపు చూసింది. నేను మినిట్స్ పుస్తకంలో పేజీ తిప్పాను. తిప్పాల్సిన పేజీ కూడా కాదది. "ఎవర్ని అడిగావు?" అని అయ్యగారు రెట్టించారు. ఆ పిల్ల ఇంకాసేపు చూసి, "తప్పు నాదేనండి" అని బయటికెళ్లి వరండాలో కూర్చుంది.

విజయ్ కుమార్ గారు అంత కోపంగా ఉన్నప్పుడు నేను లేచి నేనే సరేనన్నాను అంటే ఏమయ్యేది? హెడ్‌మిస్ట్రెస్‌గా దెందులూరులో రిటైరైన రోజున పూలదండలు వేసి వ్యాను మీద ఊరేగించి పంపిన మనిషిని. నేను కళ్లెత్తి చూస్తే క్లాసు నిశ్శబ్దమయ్యేది. మనవలున్న వయసులో పదిమందిలో నిలబడి చీవాట్లు తినాలా?

పోనీ, ఇంకో నలుగురు కూడా ఎత్తారు కదా. వాళ్లలో ఎవరైనా అడగొచ్చు.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఆరాధన అయ్యాక స్త్రీల మైత్రి ప్రెసిడెంటు సీతారత్నం గారిని పక్కకు పిలిచాను. ఆవిడ చెయ్యెత్తింది. గాజులు గలగలమన్నాయి కూడా, కళ్లు మూసుకున్నవాళ్లకూ వినిపించేలా. పేరు పెట్టి అడగకూడదు కాబట్టి చుట్టూ తిప్పి అడిగాను.

"ఆ పిల్లకి అన్యాయం జరిగిందేమోనని ఎవరికైనా అనిపిస్తే, ఎత్తినవాళ్లెవరైనా లేచి అడగొచ్చండీ" అన్నాను.

"అవునండీ, ఎవరెత్తారో గానీ మనసెలా ఒప్పిందో వాళ్లకి. నేనైతే ఎత్తలేదండీ" అంది.

నా మొహం చూసే అంది. నేను లెక్కపెట్టానన్న సంగతి కూడా మర్చిపోయింది. లేదా నేను బయటపెట్టలేనని తెలిసే అంది.

ఇంటికొచ్చేలోగా మరో ఇద్దరు ఎత్తినవాళ్లను పలకరించాను. వాళ్లూ ఎత్తలేదట. ఐదు చేతులు లేవడం నా కళ్లతో చూశాను. ఊరంతా తిరిగినా ఒక్క చెయ్యీ దొరకడం లేదు.

నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. నన్నడిగినా నేనూ అదే చెప్పేదాన్ని. మీరైతే ఎత్తుండరని మణెమ్మగారు అంటే కాదనకుండా ఊరుకున్నాను కదా.

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల లెంట్ మొదలైంది. అయ్యగారి ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. స్నేహలత చివరి వరసలో కూర్చుంది. ఆ పిల్ల ఉంటే పిల్లల్ని వెనక గదిలో చాప మీద కూర్చోబెట్టి పాటలు నేర్పించేది. ఇప్పుడు పట్టించుకునేవాళ్లు లేక అందరూ వరండాలో చెప్పులు విసురుకుంటున్నారు. నన్ను వెళ్లి గదమాయించి రమ్మన్నారు. గదమాయించాను. అది బాగానే చేతనవును నాకు.

బయటికొచ్చాక స్నేహలత "వందనాలండీ" అంది, ఎప్పటిలాగే. నేను కూడా వందనాలన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

ఫిబ్రవరి 21, శనివారం

కళ్లజోడు మార్పించుకోవడానికి ఏలూరు వెళ్లాలని బస్సు కోసం నిలబడితే బ్లెస్సీ వాళ్లమ్మతో వచ్చింది. బుగ్గలు మళ్లీ పూడాయి. వాళ్లమ్మ పక్కనే కొట్లో అరటిపళ్లు బేరమాడుతుంటే నా దగ్గరికొచ్చి, "టీచర్ గారూ, స్నేహ టీచర్ మళ్లీ ఎప్పుడొస్తారు?" అని అడిగింది.

"పడిపోయావు కదే, భయం వెయ్యలేదా?" అన్నాను.

"గూడబాతు నోట్లో చేప ఉందని లేచి నిలబడ్డానండి. టీచర్ కూర్చోమన్నారు. నేనే కూర్చోలేదు. టీచరే దూకేసి తీశారు. టీచర్‌కి ఈత రాదంటండి."

ఈత రాదన్న సంగతి కమిటీలో ఎవరూ చెప్పలేదు.

బస్సులో కూర్చుని, ఈ మాట బ్లెస్సీ చేత వాళ్ల తాతయ్యకు చెప్పిస్తే చాలు కదా, ఆయనే లేచి అడుగుతాడు, నేను మాట్లాడక్కర్లేదు అని లెక్క వేసుకున్నాను. దెందులూరు దాటేదాకా ఆ లెక్క బాగానే ఉంది. దాటాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఎనిమిదేళ్ల పిల్లను ముందుకు తోసి నేను వెనకాల నిలబడదామనుకున్నాను.

కళ్లజోడు తీసుకోకుండానే వచ్చేశాను. కొట్టు మూసేశారని ఆయనకు చెప్పాను.

ఫిబ్రవరి 24

ఇంకా ఐదు రోజులు.

ఫిబ్రవరి 26, గురువారం

మంచి ఉపాయం తట్టింది. ఆరోగ్యం బాగాలేదని సెక్రటరీ పదవికి రాజీనామా ఇచ్చేస్తే సరి. గౌరవంగా ఉంటుంది. నాకు నేను శిక్ష వేసుకున్నట్టూ ఉంటుంది. నాలుగు సార్లు రాసి, మంచి కాగితం మీద ఐదోసారి ఎత్తి రాశాను. ఆయన ఎదుట పెట్టాను.

మా ఆయన ప్రసాదరావుగారు డ్రైనేజీ డిపార్ట్‌మెంటులో ముప్ఫై ఏళ్లు పనిచేశారు. నీళ్లు ఎటు పోతాయో తప్ప ఇంకేమీ పట్టని మనిషి అని నేను ఆటపట్టిస్తుంటాను. కాగితం రెండుసార్లు చదివారు.

"నీ ఆరోగ్యానికేమైంది? రాత్రి నాలుగు పుల్కాలు తిన్నావుగా."

"ఊరికే రాశానండీ. ఇక చాలనిపించింది."

"స్నేహలతని తీసేసినందుకేనా?"

నేను కలానికి మూత పెట్టాను.

"నువ్వు దిగిపోతే ఆ పిల్లకి ఉద్యోగం వస్తుందా?" అన్నారు. వెటకారంగా కాదు, తెలియక అడిగినట్టే అడిగారు. కాగితం మడిచి నా చేతిలో పెట్టి మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్లిపోయారు.

ఫిబ్రవరి 27

నిద్ర లేదు. రాయడానికీ ఏమీ లేదు.

ఫిబ్రవరి 28, శనివారం

మధ్యాహ్నం అన్నాలు తింటుంటే ఆయనకు మొత్తం చెప్పేశాను. చీరల కొట్టు, ఫోను, పేజీ తిప్పడం, చెయ్యెత్తడం. చెబుతుంటే ఏడుపొచ్చింది. పెళ్లయిన కొత్తలో తప్ప ఆయన ముందు ఏడవలేదు.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. "నాకు చెబితే ఏం లాభం? నేను కమిటీలో లేనుగా" అన్నారు.

మార్చి 1, ఆదివారం

వరసగా రాస్తాను.

అయ్యగారు ప్రార్థన చేసి, "గత సమావేశం మినిట్స్ చదవండి" అన్నారు. చదివాను. "సెక్రటరీ అనుమతి లేకుండా" అనే చోట ఆగిపోయాను. "మార్పులేమైనా ఉన్నాయా?" అని అయ్యగారు కలం తీశారు. సీతారత్నం గారు గాజులు సవరించుకుంది.

నేను లేచాను. బల్ల పట్టుకున్నాను.

"అయ్యగారూ, సంతకం పెట్టకండి. పదిహేడో నియమం ప్రకారం ఆ తీర్మానాన్ని మళ్లీ చర్చకు తీసుకోమని నేను ప్రతిపాదిస్తున్నాను."

"అనుకూలంగా చెయ్యెత్తినవాళ్లే అడగాలి కదండీ" అన్నారు అయ్యగారు. నాకు సాయం చేద్దామనే అన్నారు. నేను రూలు మర్చిపోయాననుకున్నారు.

"నేనెత్తానండి."

మణెమ్మగారు తలెత్తి చూసింది. ఆ చూపు గురించి రాయలేను.

"ఇప్పుడెందుకు మారారు?"

"అనుమతి లేకుండా అని రాసింది అబద్ధమండి. ముందురోజు స్నేహలత నాకు ఫోన్ చేసి అడిగింది. నేనే తీసుకెళ్లమన్నాను. చీరల కొట్లో ఉన్నాను, వివరాలు అడగలేదు. ఆ రోజు ఇక్కడ ఆ అమ్మాయి నా వైపు చూస్తే మాట్లాడలేదు. పైగా చెయ్యెత్తాను. మినిట్స్ కూడా నేనే రాశాను."

ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. ఎవరూ దాన్ని చూడలేదు.

విజయ్ కుమార్ గారు లేచారు. తిడతారనుకుని సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు. "నెల్రోజులు ఆ పిల్లని నా నోటికొచ్చినట్టు అన్నానండీ టీచర్ గారూ. బజార్లో అన్నాను. వాళ్లమ్మ ముందు అన్నాను. ఆ మాటలన్నీ ఇప్పుడు నేనెలా వెనక్కి తీసుకోవాలి?" అన్నారు. అని అక్కడే కూర్చుండిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

"బలపరిచేవాళ్లు?" అని అయ్యగారు అడిగారు. బలపరచడానికి ఎవరైనా సరే పనికొస్తారు. మణెమ్మగారు చెయ్యెత్తింది, కళ్లు తెరిచే.

చర్చ పెద్దగా జరగలేదు. బ్లెస్సీ చెప్పింది కూడా చెప్పాను. ఈత రాదన్న మాట విన్నాక విజయ్ కుమార్ గారు కండువాతో మొహం తుడుచుకున్నారు. తీర్మానం రద్దు చేయాలా వద్దా అని ఓటుకు పెట్టినప్పుడు, ఈసారి లెక్క మీరే పెట్టండి అని అయ్యగారిని అడిగాను. పదకొండేళ్లలో మొదటిసారి నేనూ తల వంచి, కళ్లు మూసుకుని చెయ్యెత్తాను. పక్కన ఎవరి బట్టలో కదిలిన చప్పుడు.

"ఏడుగురు" అన్నారు అయ్యగారు.

ఎత్తని ఆ ఒక్కరు ఎవరో నాకు తెలియదు. ఇక తెలుసుకోవాలని కూడా లేదు. ప్రవర్తన పత్రం రేపే ఇచ్చేస్తామన్నారు. నా సంగతి వచ్చే నెల కమిటీలో పెడతారట. పెట్టాలి కూడా.

బయటికొస్తుంటే మణెమ్మగారు నా పక్కనే నడిచింది. "మీరు ఎత్తుండరని ఊళ్లో నలుగురికి చెప్పానండీ" అంది. మలుపు దాకా వచ్చి వాళ్లింటి వైపు తిరిగిపోయింది.

సాయంత్రం స్నేహలత ఇంటికి వెళ్లాను. ఇక్కడిదాకా వచ్చి ఇది రాయకుండా పడుకోలేను.

కబురు అప్పటికే అందింది. వాళ్లమ్మ కుర్చీ వేసి లోపలికి వెళ్లిపోయింది, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. స్నేహలతే తెచ్చిచ్చింది. క్షమించమని అడిగాను. దారంతా ఎన్నో వాక్యాలు కూర్చుకున్నాను, చివరికి ఆ ఒక్క మాటే వచ్చింది.

"నీ ఫోన్‌లోనూ ఉంటుంది కదమ్మా. ఆ రోజే ఎందుకు చూపించలేదు?" అని అడిగాను.

"తీద్దామనుకున్నానండి. కానీ మీరు చెప్తారేమోనని చూశాను. అందరి ముందూ టీచర్ గారు అబద్ధమాడారని నేను చూపించడమేంటి, మీ అంతట మీరే చెప్తారులే అనుకున్నానండి. ఆ రోజు కాకపోతే తర్వాతి రోజు చెప్తారనుకున్నాను. తర్వాత ఇక అనుకోవడం మానేశానండి."

గ్లాసు బల్ల మీద పెట్టాను.

"తాడేపల్లిగూడెంలో చేరేదాకా పిల్లలకి పాఠం చెబుతావా? అడిగే మొహం లేదు గానీ అడుగుతున్నాను."

"వస్తానండి. చేరాక కూడా ఆదివారాలు వస్తాను. ఈస్టరుకి పాటలు నేర్పాలి. ఆ రోజు పిల్లల్ని తెల్లవారుజామునే సమాధుల దగ్గరికి తీసుకెళ్లాలండి, ఏటా వెళ్లేదే. మీరు సెక్రటరీగా ఉంటే మిమ్మల్నే అడగాలి కదండీ."

"తీసుకెళ్లమ్మా. నేను సరేనంటున్నాను కదా."

స్నేహలత లేచి లోపలికెళ్లింది. రూళ్ల నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం ఒకటీ, పెన్నూ తెచ్చి నా ఎదుట బల్ల మీద పెట్టింది. కోపం లేదు, ఎప్పటి మర్యాదే.

"రాసివ్వండి టీచర్ గారూ" అంది.

రాసిచ్చాను. తేదీ వేసి సంతకం పెట్టాను. ముప్ఫై నాలుగేళ్లు టీచర్‌గా చేశాను. నా నోటిమాట చాలదని ఎదురుగా నిలబడి చెప్పిన మొదటి మనిషి ఆ పిల్లే. కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, బైబిలు సంచిలో పెట్టుకుంది.